ఉప్పుటేరుకీ సముద్రానికీ నడుమ: నౌపడ నుంచి ఇచ్ఛాపురం దాకా సైకిల్ మీద

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. హైవే మీద బస్సులో పోయేవాళ్ళకి అందులో ఒక్క గజం కూడా కనబడదు. పలాస, సోంపేట, కంచిలి అని బోర్డులు చదువుకుంటూ ఇచ్ఛాపురం చేరిపోతారు. రోడ్డుకి తూర్పున ముందు ఉద్దానం తోటలు వస్తాయి. కొబ్బరి, జీడి, పనస. అవి దాటితే బీలలనే చిత్తడి నేలలు, ఉప్పుటేర్లు. వాటికీ అవతల సన్నటి ఇసుకమేట, దాని మీద మత్స్యకారుల ఊళ్ళు. కొన్ని చోట్ల ఆ మేట మీద నిలబడితే కుడిచేతి పక్క సముద్రం, ఎడమచేతి పక్క ఉప్పుటేరు. పేరుకి లంక కాదు గానీ బతుకంతా లంక బతుకే.

మాది విజయనగరం. ఆ ఇసుకమేట వెంబడి సైకిళ్ళ మీద వెళ్ళి, రాత్రిళ్ళు ఒడ్డునే టెంటు వేసుకుని పడుకోవాలని నేనూ మా తమ్ముడూ చాలాకాలంగా అనుకుంటున్నాం. జనవరి ఆఖరు దీనికి మంచి కాలం. తుపానుల భయం తగ్గి ఉంటుంది, ఎండ భరించేలా ఉంటుంది, తేలినీలాపురంలో పక్షులుంటాయి, ఒడ్డుకి తాబేళ్ళు రావడం మొదలవుతుంది. బహుళాష్టమి చూసుకుని బయల్దేరితే ఇంకో లాభం ఉంది. పున్నమికీ అమావాస్యకీ పొద్దున తొమ్మిది ప్రాంతంలో పోటు మీదుండే సముద్రం, అష్టమి నవముల్లో ఆ వేళకి పాటు మీదుంటుంది. నీరు వెనక్కి తీసిన తడి ఇసుక మీద సైకిలు దిగబడదు.

ఇద్దరివీ మామూలు గేరు సైకిళ్ళే. వెనక క్యారేజీకి రెండు పక్కలా సంచులు, ఒక టెంటు, చిన్న గ్యాస్ పొయ్యి, బియ్యం, కందిపప్పు, పండక్కి అమ్మ వండిన అరిసెలు, మనిషికి ఐదు లీటర్ల నీళ్ళు. ఈ ప్రయాణంలో దారి గురించి అడిగినదానికన్నా నీళ్ళ గురించి విన్నదే ఎక్కువ.

శుక్రవారం: నౌపడ, తేలినీలాపురం, భావనపాడు

నౌపడ స్టేషన్ బయట తోపుడుబండి దగ్గర నాలుగు ప్లేట్ల ఇడ్లీ, రెండు టీలు కలిపి నూటిరవై రూపాయలు. ఇడ్లీలోకి వేరుసెనగ చట్నీతో పాటు అల్లం చట్నీ కూడా ధారాళంగా పోశాడు. ఊరు దాటగానే రెండు పక్కలా ఉప్పు కొటార్లు. వానలు వెళ్ళి మళ్ళు ఆరుతున్న సమయం. ఆడవాళ్ళు వరసగా నిలబడి, పక్కవాళ్ళ భుజం పట్టుకుని, మడి అడుగు మట్టిని పాదాలతో తొక్కి గట్టిపరుస్తున్నారు. అలా తొక్కకపోతే ఉప్పునీరు నేలలోకి ఇంకిపోతుంది, ఉప్పు తియ్యబోతే బురద కలుస్తుంది. గట్టు మీద గుడ్డ కప్పిన స్టీలు బిందె ఒకటుంది. నా సీసా కాస్త ఖాళీ అయ్యింది, నింపుకోవచ్చా అని అడిగాను.

"తీసుకోమ్మా. ఊళ్ళోంచి మోసుకొచ్చిన నీరే. ఇక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పే కదా," అంది ఒకావిడ. ఇంకొకావిడ పక్క నుంచి, "సగమే తీసుకో తల్లీ, మేం సాయంత్రం దాకా ఉండాల," అంది. అంత దూరం నుంచి నెత్తి మీద తెచ్చుకున్న నీళ్ళలో సగం సీసా అంటే తక్కువేం కాదు. మాకు ముందు ఊళ్ళున్నాయి కదాని ఒక్క గుక్క మాత్రం పోసుకున్నాను.

తేలినీలాపురం చేరేసరికి పక్షుల రొద ఊరి మొదట్లోనే వినబడింది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి మార్చి దాకా ఉంటాయి. చింతచెట్ల కొమ్మల మీద గూటికి గూడు ఆనుకుని ఉంది. గూడబాతు ముక్కు కింద సంచి ఉంటుందని పుస్తకంలో చదివిందే గానీ, దాని పిల్ల ఆ సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపల్ని లాక్కుని తినడం కళ్ళారా చూడ్డం వేరు. తల్లి కళ్ళు మూసుకుని, రెక్కలు కాస్త విప్పి, కదలకుండా నిలబడింది. పిల్ల తల బయటికి తియ్యగానే పక్క గూటి పిల్ల గోల పెట్టింది. కింద నేలంతా రెట్టలతో తెల్లబడి ఉంది, వాసన ఘాటుగానే ఉంది. అయినా ఆ చెట్ల కిందే జనం ఇళ్ళు కట్టుకుని ఉన్నారు. అరుగు మీద కూర్చున్న ముసలాయన మమ్మల్ని పిలిచి చెప్పాడు: "ఇవి మా ఊరి ఆడపిల్లలమ్మా. పురిటికొస్తాయి. పిల్లల్ని పెంచుకుని ఎల్లిపోతాయి. దీపావళికి కూడా మేం పెద్ద టపాసులు కాల్చం."

ఉత్తరాంధ్రలో కొత్తవాళ్ళని అడిగే మొదటి ప్రశ్న "ఏ ఊరు?" రెండోది "ఎవరి తాలూకు?" భావనపాడులో మాకు భోజనం పెట్టినావిడ ఈ రెండూ అడిగి, మా అమ్మమ్మగారి ఊరు పాలకొండ అని విని, అక్కడ తనకి తెలిసిన ఒకే ఒక్క మనిషి పేరు చెప్పి, మాకు ఆ మనిషి తెలుసేమోనని చాలాసేపు ఆరా తీసింది. తెలియదని తేలాక కూడా మొహం చిన్నబుచ్చుకోలేదు. కానాగడతల పులుసు, వేపుడు నెత్తళ్ళు, చారు, అన్నం. మనిషికి నూరు రూపాయలు. పులుసులో ఉల్లిపాయ కన్నా చింతపండు ఎక్కువ, కారం ఇంకా ఎక్కువ. నెత్తళ్ళు కరకరలాడుతూ తల, తోకతో సహా తినేసేలా ఉన్నాయి. తమ్ముడు మూడోసారి అన్నం పెట్టించుకుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. లేస్తుంటే మా సీసాలు చూసి, "చెంబులో నీరు పోసుకోకండి, అది చేతులు కడుక్కోడానికి. తాగీ నీరు లోపలుంది," అని తనే తెచ్చి నింపింది.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో కట్టిన చేపల రేవు, ఇసుక మేటలు వేసిన పాయ, దక్షిణంగా కొత్తగా కడుతున్న మూలపేట పోర్టు రాళ్ళ గోడలు చూసుకుని ఉత్తరం పట్టాం. ఇక్కణ్ణించి రోడ్డు సరుగుడు తోటల్లోంచి పోతుంది. మధ్యాహ్నం మూడు దాటాక సముద్రం మీద నుంచి గాలి వీపుకి తగిలి సైకిళ్ళని ముందుకి తోసింది. అది ఆ రోజంతటికీ తేలికైన సవారీ.

నువ్వలరేవుకి ఉప్పుటేటి మీద వంతెన దాటి వెళ్ళాలి. ఇక్కడి కేవిటి కులస్థులు ఇంట్లో ఒడియా మాట్లాడతారు, బయటివాళ్ళతో తెలుగు. రెండు మూడేళ్ళకోసారి ఊరంతటికీ ఒకే ముహూర్తాన పెళ్ళిళ్ళు చేస్తారు, పిల్లనీ పిల్లవాణ్ణీ ఊళ్ళోనే చూసుకుంటారు. వరుడు వధువు మెడలో తాళి కట్టాక, వధువు కూడా వరుడి మెడలో తాళి కడుతుంది. ఈ సంగతి పేపర్లో చదివినప్పుడు వింతగా అనిపించింది. ఊళ్ళో వలలు బాగుచేసుకుంటున్న నడివయసు మనిషి మాత్రం నేనడిగితే తలెత్తకుండానే, "ఇద్దరూ కలిసి బతకాల గదా, ఒకలే కడితే ఎలాగ?" అన్నాడు. చేతిలో నైలాను దారం, చెక్క సూది ఆగలేదు. కన్ను తెగిన చోట పాత ముడి విప్పి, వేలి కొలతతో కొత్త కన్ను అల్లి, ముడి పంటితో బిగించాడు. ఆ వల మీద నుంచి నడవకుండా చుట్టూ తిరిగి వెళ్ళాం. ఈ తీరంలో ఎక్కడైనా పాటించాల్సిన మర్యాద అది. వలని దాటకూడదు, చెప్పులతో తెప్ప ఎక్కకూడదు.

రాత్రికి అక్కుపల్లి దగ్గర సరుగుడు చెట్ల మాటున దిగాం. ముందు ఊళ్ళోకి వెళ్ళి పెద్దమనిషిని కలిసి, ఇక్కడ పడుకుంటాం అని చెప్పాం. ఆయన వచ్చి చోటు చూసి, టెంటు ఇంకో పది గజాలు వెనక్కి జరిపించాడు. "రాత్రి పోటుకి నీరు ఈ గీత దాకా వొస్తాది," అని ఎండిన నాచు వరస చూపించాడు. తరవాత కొడుకు చేత రెండు బొండాలు పంపాడు. ఆ కుర్రాడు కూర్చుని తిత్లీ సంగతి చెప్పాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఈ వజ్రపుకొత్తూరు మండలంలోనే తుపాను తీరం దాటింది. అప్పటికి తను చిన్నపిల్లవాడు. పొద్దున్న తలుపు తీస్తే ఎప్పుడూ తోట అడ్డు వల్ల కనబడని పక్క ఊరి గుడి కనబడిందట. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఐదారేళ్ళు పడుతుంది. అంటే తుపాను తరవాత వేసిన చెట్లు కాపుకొచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు. మేం తాగిన బొండాలు ఆ చెట్లవే.

శనివారం: తడి ఇసుక, ఒక మొగ, ఒక ఇల్లు, బారువ

తెల్లవారుజామున కొండగాలి చల్లగా వీచింది. టెంటు మీద మంచు బాగా కురిసింది. గాలి తీసి టైర్లు కాస్త మెత్తన చేసుకుని, ఎనిమిది దాటాక నీరు బాగా వెనక్కి తియ్యగానే ఒడ్డు పట్టాం. ఎర్ర పీతలు వందల కొద్దీ మా ముందు నుంచి పక్కకి పరిగెత్తి బొరియల్లో దూరాయి. చక్రం కింద ఇసుక నీళ్ళు కక్కుతూ గట్టిగా ఉంది. కొంచెం పైకి జరిగితే పొడి ఇసుక బ్రేకు వేసినట్టు పట్టేస్తుంది, కొంచెం కిందకి జరిగితే అల గొలుసు మీదకొస్తుంది. మధ్యలో రెండు బారల వెడల్పు దారి. అంతకంటే మంచి రోడ్డు నేను తొక్కలేదు.

ఒక చోట అలివి వల లాగుతున్నారు. వల ఒక చివర ఒడ్డున ఉంచి, పడవలో అర్ధచంద్రంగా సముద్రంలోకి వేసుకుంటూ పోయి, రెండో చివర దూరంగా ఒడ్డుకి తెస్తారు. రెండు తాళ్ళూ పట్టుకుని రెండు జట్లు లాగుతూ, లాగుతూ దగ్గరికి జరుగుతాయి. మగవాళ్ళు చాలామంది చెన్నై, పారాదీప్, వీరావల్ హార్బర్లలో బోట్ల మీద పనికి వెళ్ళారట. అందుకని తాడు దగ్గర ముసలివాళ్ళు, బడి లేని పిల్లలు, ఆడవాళ్ళు కూడా ఉన్నారు. మేమూ వెళ్ళి పట్టుకున్నాం. తడి కొబ్బరితాడు అరచేతుల్ని కోస్తుంది. నడుం వెనక్కి వాల్చి, మడమలు ఇసుకలో దిగేసి లాగాలి. చేతుల బలంతో లాగితే పది నిమిషాల్లో అయిపోతాం అని పక్కనున్న మామ్మ నా నడుం పట్టి వంచి చూపించింది. సంచి ఒడ్డుకొచ్చేసరికి అందులో కవళ్ళు, నెత్తళ్ళు, కొన్ని సావిడాయిలు, బోలెడు జెల్లీ చేపలు. అంత శ్రమకి ఆ పడ్డది తక్కువే. పడవకి, వలకి, మనుషులకి వాటాలు వేశారు. చెయ్యి వేసినవాళ్ళకి కూరకి చేపలివ్వడం ఆనవాయితీ అని మాకూ ఒక దోసెడు కవళ్ళు ఇవ్వబోయారు. వండుకునే వీలు లేదని చెప్పినా ఒప్పుకోలేదు. వాటిని ఆ మామ్మ బుట్టలోనే పోసి దండం పెట్టి వచ్చాం.

మందస మండలం వైపు ఒక ఉప్పుటేటి మొగ దగ్గర దారి తెగింది. ఫోన్ మ్యాపులో ఒడ్డు ఏకంగా సాగిపోయినట్టు ఉంది. నిజానికి ఏరు ఇసుకని కోసుకుని సముద్రంలో కలుస్తోంది. మొగలు అంతే, వానాకాలం తరవాత ఒక చోట, ఎండాకాలానికి ఇంకో చోట ఉంటాయి. నడుం లోతు ఉంటుంది, కానీ ప్రవాహం కాళ్ళ కింద ఇసుకని లాగేస్తోంది. అవతల వల విసురుతున్న ఇద్దరు మమ్మల్ని చూసి తెప్ప తెచ్చారు. ముందు సంచులు, తరవాత ఒక్కొక్క సైకిలు, ఆఖరున మేం. సైకిలు అడ్డంగా పడుకోబెట్టి, చక్రం నీళ్ళకి తగలకుండా ఒకాయన హ్యాండిల్ ఎత్తి పట్టుకున్నాడు. తెప్ప దుంగల మధ్య నుంచి నీరు పైకి వచ్చి పోతూ ఉంటుంది, మునగదు. చెప్పులు మెళ్ళో వేలాడేసుకున్నాం. ఎంతిమ్మంటారు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మీ ఇష్టం" అన్నారు. రెండు వందలిచ్చాం. ఒక వంద తిరిగి ఇచ్చేశారు.

పన్నెండయ్యేసరికి ఎండ ముదిరింది. లోపలికి తిరిగి ఉద్దానం తోటల్లో పడ్డాం. ఎర్ర ఇసుక దారి, రెండు పక్కలా మొగలి పొదల దడులు. జీడిచెట్లు పూత మీదున్నాయి, తియ్యటి ఘాటు వాసన దారి పొడుగునా వస్తోంది. పనసచెట్ల మొదళ్ళకి వేలెడంత పిందెలు. ఇంత పచ్చదనం, ఇంత నీడ చూస్తే ఇక్కడ మనిషికి ఏ లోటూ ఉండదనిపిస్తుంది.

ఒక ఇంటి ముందు తేగలు కాలుస్తున్న వాసనకి ఆగాం. ఇంటావిడ నా వయసే ఉంటుంది. "ఎండన పడి ఎక్కడికెల్తన్నారప్పా, కూకోండి," అని చాప వేసింది. అప్ప అంటే ఇక్కడ అక్క. కాలిన తేగ పొట్టు ఒలిచి, నడుమ చీల్చి, చందమామ తీసేసి ఇచ్చింది. పొగ వాసన, పిండి రుచి, నమలగా నమలగా తీపి. డబ్బులిస్తే చేత్తో తోసేసింది.

నేను పెరట్లో బోరు దగ్గరికి సీసా పట్టుకుని వెళ్తుంటే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "అది వొద్దప్పా! అది గొడ్లకీ, గిన్నెలకీ." వసారాలో మూడు బిందెలు వేరువేరుగా పెట్టి ఉన్నాయి. ఒకటి బోరు నీరు, వాడుకకి. రెండోది కుళాయి నీరు, వంటకి, తాగడానికి. మూడోది కొన్న క్యాను నీరు, అది ఆయనకి. ఆయన అంటే లోపల మంచం మీద పడుకున్న భర్త. కుడిచేతి మణికట్టు పైన డయాలసిస్ సూదులు దిగే చోట నరం ఉబ్బి ఉంది. మమ్మల్ని చూసి లేచి కూర్చుని, సైకిళ్ళ గురించి అడిగాడు. తనూ ఒకప్పుడు సైకిలు మీద మందస సంతకి జీడిగింజల బస్తా వేసుకెళ్ళేవాడినన్నాడు.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి రాష్ట్రంలో తెలియనివాళ్ళు లేరు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఏళ్ళుగా మనుషుల్ని తీసుకుపోతోంది. బీపీ, షుగరు లేనివాళ్ళకి కూడా వస్తోంది, తోటల్లో, పొలాల్లో పనిచేసే వయసువాళ్ళకే ఎక్కువగా వస్తోంది. నీరు, నేల, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచెయ్యడం, అన్నిటినీ అనుమానించారు, పరిశోధకులు ఎందరో వచ్చారు. ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. "క్రియాటిన్" అనే ఆ మాట ఇక్కడ చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. పక్కింటివాళ్ళు పలకరించేటప్పుడు "ఎంతుంది?" అంటే చాలు, దేని గురించో చెప్పక్కర్లేదు.

"ఏటి వల్లో ఎవులూ సెప్పలేకపోనారు," అంది ఆవిడ. "నీరంటారు, మందులంటారు. మాం అన్నీ మానుకున్నాం. ఏది మానుకోవాలో తెలిస్తే అదొకటే మానుకుందుం." వారానికి రెండుసార్లు సోంపేట వెళ్ళాలి. డయాలసిస్‌కి డబ్బులు పడవు, కానీ ఆటోకి రానూపోనూ ఐదు వందలు, ఆవిడ కూలి రెండు రోజులు పోతుంది. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల్లో ఉద్దానానికి తెచ్చే పథకం ప్రారంభమైంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా అప్పుడే తెరిచారు. ఆ కుళాయి నీరే మా సీసాలన్నీ నింపింది. పిల్లలిద్దరూ ఆ నీరే తాగి పెరుగుతున్నారని చెబుతుంటే గొంతులో ఆశ స్పష్టంగా వినబడింది. ఇంత దూరం నుంచి నీరు రావడం ఎంత పెద్ద సంగతో ఆ మూడు బిందెలు చూశాక నాకు అర్థమైంది. అదే ముప్ఫై ఏళ్ళ ముందు వచ్చుంటే బాగుండేది. కారణం నీరు కాదని రేపు తేలినా సరే, మంచినీరు మంచినీరే.

అక్కణ్ణించి బారువ దాకా మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

బారువ ఒకప్పుడు రేవు. లైట్‌హౌసు, కోటిలింగేశ్వరస్వామి గుడి, పాత ఇళ్ళ గోడలు ఆ రోజుల్ని గుర్తుచేస్తాయి. వందేళ్ళకి పైగా కిందట మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలం ఈ ఒడ్డుకి దగ్గర్లోనే సముద్రం అడుగున ఉంది. పడమర దిక్కున మహేంద్రగిరి, 1,501 మీటర్లు, సాయంత్రం వెలుగులో నీలంగా తేలింది. ఆ కొండల మీద పుట్టిన మహేంద్రతనయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఏట్లో సైకిళ్ళు కడిగి, గొలుసుల్లో ఇసుక పాత టూత్‌బ్రష్‌తో తీసి, నూనె వేశాం. ఉప్పుగాలిలో ఒక్క రాత్రి అలా వదిలేస్తే పొద్దున్నకి గొలుసు ఎర్రబడుతుంది.

ఒడ్డున తాబేలు గుడ్ల హేచరీ ఉంది. వెదురు కంచె, లోపల గుడ్లు పూడ్చిన గుంటలకి తేదీ, లెక్క రాసిన చీటీలు. అక్కడ కాపలా ఉండే కుర్రాళ్ళు రాత్రి గస్తీకి మమ్మల్నీ రమ్మన్నారు. షరతులు ముందే చెప్పారు: టార్చి వెయ్యకూడదు, ఫోన్ తియ్యకూడదు, ముందు నుంచి దగ్గరికి వెళ్ళకూడదు. పదకొండు దాటింది, చంద్రుడింకా రాలేదు. చాలాసేపు నడిచాక ముందున్న కుర్రాడు చెయ్యెత్తి ఆపాడు. సముద్రం నుంచి ఇసుక మీదకి రెండు వరసల గీతలు, వాటి చివర తాబేలు.

వెనక నుంచి వెళ్ళి కూర్చున్నాం. కుర్రాడు ఎర్రకాగితం చుట్టిన చిన్న దీపం గుంట వైపు మాత్రం పట్టాడు. వెనక రెక్కలు రెండూ వంతులవారీగా పనిచేస్తున్నాయి. ఒకటి వంగి పిడికెడు ఇసుక తోడి పక్కన జాగ్రత్తగా పెడుతుంది, అప్పుడు రెండోది దిగుతుంది. కంటితో చూడకుండా, రెక్క అందినంత లోతు, మూతి సన్నంగా అడుగు వెడల్పుగా కుండలా తవ్వింది. తరవాత గుడ్లు, రెండేసి, మూడేసి, నిమ్మకాయంత. తెల్లగా, తడిగా మెరుస్తూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కళ్ళ నుంచి జిగటగా నీరు కారుతోంది. ఒంట్లో ఉప్పు అలా బయటికి పోతుందట. వందకి పైగా పెట్టి, ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబదబ మోది నేలని సమం చేసింది. ఆ మోత అరికాళ్ళకి తెలిసింది. తిరిగి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. కుర్రాళ్ళు గుడ్లు లెక్కపెట్టి తీసి హేచరీకి మోశారు. నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పిల్లలవుతాయి. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది. వదిలేస్తే కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి.

పొద్దున అదే ఒడ్డున చచ్చిన తాబేళ్ళు కూడా చూశాం. మర బోట్ల వలల్లో చిక్కి, పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక చచ్చిపోతాయి. ఈ జిల్లావాళ్ళు శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి కొలుస్తారు, చాలామంది జాలర్లు వలలో బతికున్న తాబేలు పడితే దండం పెట్టి వదిలేస్తారు. తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న వల ప్రతి మర బోటుకీ ఉండాలి. ఇది చెయ్యడం కష్టమేమీ కాదు, చేయించాలి.

ఆదివారం: బీల, కవిటి, డొంకూరు

సోంపేట బీల దగ్గర కాసేపు ఆగాం. చూడ్డానికి నీళ్ళు నిలిచిన గడ్డినేల, కొంగలు, గేదెలు, చిన్న పడవలో చేపలు పడుతున్న ఇద్దరు. ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోతే చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎదురుతిరిగాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ కేంద్రం రాలేదు. గట్టు మీద గేదెల్ని కాస్తున్న ఆయన, "ఈ బీల ఎండితే మా నూతులన్నీ ఎండుతాయి," అన్నాడు. మరో మాట చెప్పలేదు.

కవిటి దారిలో నా వెనక చక్రానికి పల్లేరు ముల్లు దిగింది. సైకిల్ షాపు తాత ట్యూబు నీళ్ళ పళ్ళెంలో ముంచి బుడగ చూసి, ఒక్కటి కాదు మూడు కన్నాలని తేల్చాడు. మూడు అతుకులకీ అరవై రూపాయలు. అతుకు ఆరేలోపు ఎదురింటి అరుగు మీద కొబ్బరిపీచు తాడు పేనుతున్న ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాను. నానబెట్టి దంచిన పీచుని అరచేతుల మధ్య రుద్దుతూ రెండు పాయలు ఒకేసారి మెలిపెడుతున్నారు. నేను ప్రయత్నించింది విడిపోయింది. "నీకు చెయ్యి మెత్తన తల్లీ," అని నవ్వారు. వాళ్ళలో ఒకావిడ చెల్లెల్ని విజయనగరం కంటోన్మెంటులో ఇచ్చారట. ఇంకేం, ఎవరి తాలూకు అన్న లెక్క కుదిరిపోయింది, నేను వాళ్ళ మనిషినైపోయాను. పనసపొట్టు కూర తినకుండా కదలనివ్వలేదు. లేత పనసకాయ సన్నగా తరిగి, ఆవపిండి పెట్టి, ఎండుమిరపకాయలు, జీడిపప్పు వేసి తాలింపు. పెళ్ళి భోజనాల్లో తిన్న పనసపొట్టు కూరకీ, చెట్టు కింద తరిగిన గంటకే వండినదానికీ పోలికే లేదు. కాస్త పసరు రుచి ఉంటుంది, ఆవఘాటు ముక్కుకెక్కుతుంది, మధ్యలో జీడిపప్పు తగులుతుంది.

డొంకూరు చేరేసరికి రెండున్నర. ఇక్కడ మాటలో తెలుగు సగం, ఒడియా సగం. అంగట్లో చిల్లర లెక్క ఒక భాషలో చెప్పి, వాతావరణం గురించి రెండో భాషలో మాట్లాడుకుంటున్నారు. బాహుదా నది సముద్రంలో కలిసే చోటుకి అట్టే దూరం లేదు. అల పెద్దది, నీరు దూరం దాకా మట్టిరంగు. ఒడ్డున ఎండుచేపల వాసన, వలల మీద ఆరబెట్టిన నెత్తళ్ళు వెండిరంగులో మెరుస్తున్నాయి. కిలో రెండు వందల ఎనభైకి కొన్నాం, నాలుగు ప్లాస్టిక్ సంచుల్లో కట్టినా దారి పొడుగునా వాసన ఆగలేదు.

ఇచ్ఛాపురంలో స్వేచ్ఛావతి అమ్మవారి గుడి ముందు సైకిళ్ళు ఆపి లెక్క చూసుకున్నాం. రైలు టిక్కెట్లు, సైకిళ్ళ పార్సిలు పక్కన పెడితే ఇద్దరికీ తిండి, టీలు, బొండాలు, తెప్ప, అతుకులు, ఎండుచేపలు అన్నీ కలిపి పదిహేను వందలు దాటలేదు. పడుకున్నందుకు ఎక్కడా ఎవరూ పైసా తీసుకోలేదు. నీళ్ళ సీసా ఒక్కటీ కొనలేదు.

మీలో ఎవరైనా వెళ్తే, నీటి కోసం పెరట్లో బోరు చూసుకుని మీరే పట్టుకోకండి, ఇంట్లోవాళ్ళని అడిగి వాళ్ళు తాగే బిందెలోంచి పోయించుకోండి. పుచ్చుకున్నది పారబోయకండి. టైరు కాస్త వెడల్పుగా ఉంటే మంచిది, అతుకులు వేసే సామాను ఎక్కువే పెట్టుకోండి. టెంటు వేసే ముందు ఊళ్ళో చెప్పండి. తాబేళ్ళ కాలంలో ఒడ్డున దీపాలు, మంటలు పెట్టకండి.

దక్షిణ భాగం, కళింగపట్నం వైపు, మాకింకా మిగిలుంది. సైకిళ్ళతో వంశధార మొగ దగ్గరే పడవ మీద దాటొచ్చా, నరసన్నపేట వైపు తిరిగి రావాలా అన్నది గార మండలంలో ఉన్న మా పెద్దమ్మకి ఫోన్ చేసి కనుక్కుంటున్నాం.